కోర్టు సాక్ష్యం, చర్చి సాక్ష్యం

నేను టెస్టర్‌ని. పద్దెనిమిదేళ్లుగా మాదాపూర్‌లో ఇదే పని. డెవలపర్ రాసింది సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడాలి, తప్పు దొరికితే రుజువుతో సహా పట్టివ్వాలి. ఆదివారం పొద్దున మాత్రం కొండాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలులో జరిగే ఆరాధనకు వెళ్తాను. మాది గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ రోడ్ల మీదికి వచ్చిపడిన మాలాంటివాళ్లం ఆవకాయ జాడీలతోపాటు మా చర్చిలనూ, మా ఊళ్ల వాదాలనూ వెంట తెచ్చుకున్నాం.

మా టీమ్‌లో ఒక కుర్రాడున్నాడు. విజయవాడ పటమట వాడు, నాస్తికుడు. నన్ను ‘అక్కా’ అని పిలుస్తాడు. ఒకరోజు క్యాంటీన్‌లో భోజనాలయ్యాక టిష్యూ కాగితం మీద మూడు గళ్లు గీశాడు. మేం రోజూ నింపే గళ్లే: చేసిన పని, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం. మొదటి గడిలో ‘ప్రార్థన’ అని రాసి పెన్ను నా చేతికిచ్చాడు.

“రావలసిన ఫలితం మీరు రాయండక్కా.”

‘జబ్బు తగ్గుతుంది’ అని రాశాను.

“తగ్గకపోతే?”

“దేవుని చిత్తం కాదనుకుంటాం.”

“అంటే తగ్గినా పాసే, తగ్గకపోయినా పాసే. ఇలాంటి టెస్ట్ కేసు నేను పంపిస్తే మీరు ఒప్పుకుంటారా?”

ఒప్పుకోను. ఫెయిలయ్యే దారే లేని పరీక్ష పరీక్ష కాదని కొత్తగా చేరిన పిల్లలకు నేనే చెబుతుంటాను. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది, మడత మీద పప్పుచారు మరకతో.

ఈ ప్రశ్న మా క్యాంటీన్‌లో పుట్టింది కాదు. ఏం జరిగితే దేవుడు లేడని మీరు ఒప్పుకుంటారు అని 1950లో ఆంటొనీ ఫ్లూ అనే బ్రిటిష్ తత్వవేత్త విశ్వాసులను నిలదీశాడు. అదే ఫ్లూ ఎనభై దాటాక, 2004లో, సృష్టి వెనక ఒక బుద్ధి ఉందని నమ్ముతున్నానన్నాడు. ఆ కబురు మా చర్చిలో చెప్పినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఆయన క్రీస్తును స్వీకరించలేదన్న సంగతి మాత్రం వేదిక మీద ఎవరూ చెప్పలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. సగం రిపోర్టు చదివి చప్పట్లు కొట్టినందుకు బాధపడ్డాను.

ప్రార్థనను నిజంగానే పరీక్షకు పెట్టినవాళ్లు ఉన్నారు. హార్వర్డ్‌కు చెందిన హెర్బర్ట్ బెన్సన్ బృందం ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేసింది. మొదటి గుంపు కోసం ప్రార్థన చేశారు, రెండో గుంపు కోసం చేయలేదు. తమ సంగతి ఏమిటో ఆ రెండు గుంపులకూ ఖాయంగా చెప్పలేదు. మూడో గుంపు కోసం ప్రార్థిస్తూ, ఆ సంగతి వాళ్లకు చెప్పారు కూడా. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చినవాళ్లు మొదటి గుంపులో నూటికి 52 మంది, రెండో గుంపులో 51, మూడో గుంపులో 59. దేవుడు మన పరీక్షలకు లొంగేవాడు కాదని మా పాస్టరు గారంటారు. అది నేనూ ఒప్పుకుంటాను. అలాంటప్పుడు స్వస్థత సభల పోస్టర్ల మీద నయమైనవాళ్ల ఫొటోలు రుజువులుగా వేయకూడదు. లొంగడంటే రెండు వైపులా లొంగడనే.

అయితే మా దగ్గర ఇంకోటి ఉంది. దాన్ని మేం ‘సాక్ష్యం’ అంటాం. చర్చిలో సాక్ష్యం చెప్పడమంటే లేచి నిలబడి, ప్రభువు నా బతుకులో చేసింది ఇదీ అని నలుగురి ముందు చెప్పుకోవడం. కోర్టులో సాక్ష్యం వేరు. అక్కడ ఎదురు ప్రశ్నలుంటాయి. నాస్తికులు కోర్టు సాక్ష్యం అడుగుతారు, మేం చర్చి సాక్ష్యం చెబుతాం. మాట ఒకటే కాబట్టి అడిగిన దానికే జవాబు చెప్పామనుకుంటాం. సగం తగువు ఇక్కడే ఉందని నా నమ్మకం.

మా నాన్న 1991లో ఒక ఉజ్జీవ సభలో మోకరించాడు. ఆ రాత్రి నుంచి సారా ముట్టలేదు. మా అమ్మ ఒంటి మీద దెబ్బలు ఆగింది ఆ రాత్రే. ఇది చెప్పినప్పుడు ఆ అబ్బాయి నవ్వలేదు.

“మనిషి మారాడనడానికి అది రుజువేనక్కా. మార్చింది ఎవరన్న దానికి కాదు. మా పటమట వాళ్లూ మనుషుల్ని మార్చారు.”

అలా నాకు నాస్తికవాది గోరా గారు పరిచయమయ్యారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు, పుట్టింది 1902లో. మదురైలో మిషనరీలు నడిపే అమెరికన్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నప్పుడు, క్రైస్తవుడివైతే అమెరికాలో పైచదువుకు పంపిస్తామన్నారట. వద్దన్నారు. నాస్తికత్వం వల్లే కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని పటమటకు మార్చారు. నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని ఆ కేంద్రం వాళ్లు జనం ముందు నడిచి చూపించేవారు. అది కోర్టు సాక్ష్యం.

నన్ను కదిలించింది వేరే సంగతి. గోరా గారి కొడుకు లవణం 1960లో పెళ్లి చేసుకున్నది జాషువా గారమ్మాయి హేమలతను. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మా జాషువా! క్రీస్తు మీద కావ్యం రాసిన తండ్రి కూతురు నాస్తికుడి ఇంటి కోడలు. ఆ భార్యాభర్తలు 1970ల్లో స్టూవర్టుపురంలో పని మొదలుపెట్టారు. బ్రిటిషువాళ్లు ఎరుకలవాళ్లకు ‘నేరస్థ జాతి’ అని ముద్రవేసి ఉంచిన ఊరు అది. ఒకప్పుడు దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, మన భాషలో రక్షణ సైన్యం. అదే ఊళ్లో దేవుడి పేరెత్తకుండా దొంగతనాలు మాన్పించి, మనుషులకు మళ్లీ బతుకు చూపించారు లవణం, హేమలత.

“మరి మీ లెక్కలో హేమలత గారికి రక్షణ ఉందా?” అని అడిగాడు ఆ అబ్బాయి.

పాస్టరు గారినడిగితే ఎఫెసీ పత్రిక తీశారు: రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు. మా అమ్మనడిగితే మత్తయి ఇరవై అయిదో అధ్యాయం చెప్పింది. అక్కడ తీర్పు రోజున రాజు అడిగేది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, చెరసాలలో ఉన్నవాణ్ని చూడవచ్చావా అని. తమ తప్పు లేకుండా దేవుణ్ని ఎరగనివాళ్లు మంచిగా బతికితే వాళ్లకూ రక్షణ దారి మూసిలేదని కాథలిక్ సంఘం 1964లోనే వాటికన్ సభలో ప్రకటించింది. మా పాస్టరు గారు అది ఒప్పుకోరు. నేను మా అమ్మ పక్షం.

2019లో అమ్మకు కిడ్నీలు పోయాయి. ఉపవాస ప్రార్థనలు చేశాం, డయాలసిస్ చేయించాం. రక్తం కావాలంటే ఆ అబ్బాయి రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. అమ్మ మంచం మీంచి వాణ్ని అడిగింది: “రక్షణ పొందావా బాబూ?”

“లేదమ్మా.”

“సరేలే. అన్నం తిన్నావా?”

నలభై రోజులకు అమ్మ పోయింది. భూస్థాపన అయ్యాక, ఎన్నో ఏళ్లుగా మాతో ఆరాధించిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదేమో” అంది. ఆ టిష్యూ కాగితం గుర్తొచ్చింది. తగ్గితే మహిమ దేవుడిది, తగ్గకపోతే తప్పు మాది. అప్పుడు అర్థమైంది, ఫెయిల్ గడి ఖాళీగా ఉంచితే అందులో ఎవరి పేరు రాస్తారో.

నేనిప్పటికీ విశ్వాసినే, ప్రార్థన మానలేదు. జబ్బు మనిషి మంచం పక్కన నిలబడే నా తోటి విశ్వాసులను ఒక్కటి వేడుకుంటున్నాను: ప్రార్థన చేయండి, మందులు ఆపమనకండి, మనిషి దక్కకపోతే ఆ ఇంటివాళ్ల విశ్వాసాన్ని తూకం వేయకండి.