తట్టి చూస్తే తెలిసేదెంత?

మట్టికుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వేలి కణుపుతో చుట్టూ తట్టి చూస్తాం. ఖంగున మోగితే మంచిదే. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. కుండ పగలగొట్టకుండానే దాని గుణం తెలుసుకున్నామన్నమాట. విమానాలవాళ్ళూ ఈ పనే చేస్తారంటే నమ్ముతారా?

విమానం రేకుల్ని రివెట్లతోనే కాదు, జిగురుతోనూ అతికిస్తారండీ. ఆ అతుకుల మీద నాణెంతోనో చిన్న సుత్తితోనో తడుతూ పోతారు. ఊడినచోట శబ్దం డొల్లగా వస్తుంది. చెవికి అందనివాటికి అల్ట్రాసౌండ్ ఉంది. గర్భిణీ స్త్రీలకు చేసే స్కానింగ్ పద్ధతే. ధ్వని తరంగాలు అతుకు మధ్య గాలి సందు తగలగానే వెనక్కి తిరిగివస్తాయి. లోపం తెరమీద కనబడుతుంది.

అయితే ఒక చిక్కుంది. చెమట పట్టిన నుదుట స్టిక్కరు బొట్టు పెట్టుకుంటే అద్దంలో చక్కగానే కనిపిస్తుంది. కాసేపటికి ఎక్కడ రాలిందో తెలియదు! రేకులూ అంతే. ఒకదానికొకటి ఆని ఉంటాయి, పట్టు మాత్రం ఉండదు. గాలి సందు లేదు కనుక తనిఖీకి దొరకడం కష్టం. ఇంజనీర్లు దీన్ని 'కిస్సింగ్ బాండ్' అంటారు. పేరు సరసంగానే ఉంది గాని, పని ప్రమాదం.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా సంస్థవారి బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తున ఉండగా, పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఊడి ఎగిరిపోయింది. విమాన పరిచారిక ఒకామె ఆ గాలిలో కొట్టుకుపోయింది. మిగిలిన 94 మందితో పైలట్లు మావీ దీవిలో దించగలిగారు. ఆ విమానం 1969లో తయారైంది. రేకుల నడుమ పెట్టే జిగురుగుడ్డను అప్పట్లో బాగా చల్లగా నిలవచేసేవారు. బయటికి తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే దానికీ చెమ్మ పట్టేది. అలాంటి కారణాలతో కొన్నిచోట్ల జిగురు సరిగా పట్టలేదు. సందుల్లో తుప్పు చేరింది. బరువంతా రివెట్ల మీద పడి వాటి రంధ్రాల దగ్గర బీటలు పుట్టాయి. ఆ రోజు విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు రేకులో బీట చూసిందట. ఎవరికీ చెప్పలేదు!

జిగురు పట్టు ఎంతో కొలిచి చెప్పే నమ్మకమైన యంత్రం ఇప్పటికీ లేదు. అందుకే అతికించే ముందే జాగ్రత్తపడతారు. శుభ్రం చేసిన రేకు మీద నీళ్ళు పోస్తారు. పొరలా పరుచుకుంటే సరే. జిడ్డు వదలని పళ్ళెం మీదలా బొట్లుబొట్లుగా నిలిస్తే మళ్ళీ కడగాల్సిందే. పైగా అదే జిగురుతో, అదే రోజు నమూనా ముక్కలు కూడా అతికిస్తారు. వాటిని మటుకు లాగి తెంచి చూస్తారు.