ప్రయోగశాల వాక్యూమ్ పరికరాలలో నూనె మాలిన్యం - తొలగింపు, నివారణ

రైజోబియం వంటి సూక్ష్మజీవుల కల్చర్లను దీర్ఘకాలం నిల్వ చేయడానికి, ఆకు, గింజల నమూనాలను విశ్లేషణకు ముందు ఆరబెట్టడానికి వ్యవసాయ పరిశోధన స్థానాలలో ఫ్రీజ్ డ్రయర్లను ఉపయోగిస్తారు. వీటిలో చాలావాటికి నూనెతో పనిచేసే రోటరీ వేన్ పంపును అమరుస్తారు. పంపు నూనె వెనుకకు వచ్చి చాంబరు గోడలపై పొరగా ఏర్పడితే, దాని ఆవిరి నమూనాలలో చేరుతుంది. కొవ్వును కరిగించే ద్రావణులు ఈ నూనెను కూడా కరిగిస్తాయి. కాబట్టి కొవ్వు ఆమ్లాలు, పురుగుమందుల అవశేషాల విశ్లేషణలో ఫలితాలు తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

నూనె చేరే మార్గాలు

పీడనం ఎక్కువగా ఉన్నంతసేపు చాంబరు నుండి పంపు వైపు వెళ్లే గాలి ప్రవాహం నూనె ఆవిరిని అడ్డుకుంటుంది. పీడనం సుమారు 0.1 మిల్లీబార్ కంటే తగ్గినప్పుడు ఈ అడ్డు బలహీనపడి, ఆవిరి వెనుకకు ప్రయాణిస్తుంది. రెండవ మార్గం విద్యుత్ అంతరాయం. చాంబరు వాక్యూమ్‌లో ఉండగా పంపు ఆగిపోతే, రక్షక వాల్వు లేనప్పుడు లేదా సరిగా పనిచేయనప్పుడు నూనె ద్రవరూపంలోనే గొట్టంలోకి ఎక్కుతుంది. ఈ మూలాన్ని సరిచేయకుండా చాంబరును ఎన్నిసార్లు కడిగినా మాలిన్యం తిరిగి వస్తుంది.

శుభ్రపరచే క్రమం

1. విద్యుత్ సరఫరాను తొలగించి, చాంబరులోకి గాలిని వదిలి, కండెన్సరులోని మంచును పూర్తిగా కరిగించాలి. నైట్రైల్ చేతి తొడుగులు ధరించాలి.
2. స్టీలు భాగాలపై ఉన్న నూనెను పోగులు రాలని పొడి గుడ్డతో తుడవాలి. తరువాత ప్రయోగశాల డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, స్వేదన జలంతో జాలించాలి.
3. మిగిలిన సన్నని పొరను అసిటోన్‌తో, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి. ఇవి త్వరగా అంటుకునే ద్రవాలు కనుక గాలి బాగా ఆడే చోట, మంటకు దూరంగా వాడాలి.
4. అక్రిలిక్ మూతలను అసిటోన్, ఆల్కహాల్‌తో తుడిస్తే పగుళ్లు వస్తాయి. రబ్బరు ఓ-రింగులు అసిటోన్‌లో ఉబ్బుతాయి. వీటికి తేలికపాటి సబ్బు నీరే వాడాలి.
5. నూనె పీల్చుకున్న రబ్బరు గొట్టాలను మార్చడమే మేలు.
6. పంపులోని పాత నూనెను వెచ్చగా ఉండగానే తీసివేసి, తయారీదారు సూచించిన నూనెను నింపాలి. నూనె పాలవలె తెల్లబడితే నీరు కలిసినట్లు గుర్తించాలి.

శుభ్రతను నిర్ధారించడం

లోహపు ఉపరితలంపై స్వేదన జలం చుక్కలుగా విడిపోక, సమమైన పొరగా పరచుకుంటే నూనె చాలావరకు పోయినట్లే. అయితే అవశేషాల విశ్లేషణకు ఇది చాలదు. ఖాళీ సీసాను నమూనా లేకుండా ఒక పూర్తి విడత నడిపి, హెక్సేన్‌తో కడిగి, ఆ ద్రావణాన్ని జీసీ-ఎంఎస్‌లో పరీక్షించాలి. 43, 57, 71, 85 అంటూ 14 తేడాతో ద్రవ్యరాశి శిఖరాల వరుస బలంగా కనిపిస్తే ఖనిజ నూనె మిగిలి ఉందని అనుమానించాలి.

నివారణ

పంపును ఆపే ముందు చాంబరు వైపు వాల్వును మూసి, పంపు ముఖద్వారంలోకి గాలిని వదలాలి. విద్యుత్ పోయినప్పుడు తానే మూసుకునే వాల్వును అమర్చుకోవాలి. పని ముగిశాక చాంబరును వేరుచేసి, గ్యాస్ బలాస్ట్ తెరచి పంపును కొంతసేపు నడిపితే నూనెలోని తేమ తొలగుతుంది. వాడిన నూనెను మురుగు కాలువలో పోయరాదు. అది 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల పరిధిలోకి వస్తుంది కాబట్టి, అనుమతి పొందిన సంస్థలకే అప్పగించాలి.