నల్లరేగడిలో ఇల్లా? గచ్చు కింద చూసుకోండి

పంట డబ్బు చేతికందగానే ఇంటికి ముగ్గు పోసే రైతులు పామర్రు చుట్టుపక్కల ఎక్కువే. స్లాబు ఎలా వేయాలి, గుమ్మాలకు ఏ కర్ర మంచిది అని పదిమందినీ అడుగుతాం. గచ్చు కింద సంగతి మాత్రం మేస్త్రికే వదిలేస్తాం. అక్కడే దెబ్బ తింటాం.

నల్లరేగడి గుణం మీకు తెలియనిది కాదు. వేసవిలో నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. పొలంలో జరిగేదే ఇంటి కిందా జరుగుతుంది. గచ్చు లేస్తుంది, గోడలు బీటలిస్తాయి. అందుకే ముందుగా స్థలంలో గొయ్యి తవ్వించి నల్లమట్టి ఎంత లోతుందో చూడండి.

లోతు తక్కువైతే...

మూడు నాలుగు అడుగుల్లోనే గట్టి నేల తగిలితే నల్లమట్టిని పూర్తిగా తీసేయండి. పునాదిని గట్టి నేల మీదికి దించి, గోడల మధ్య ఇసుకగాని గ్రావెల్‌గాని నింపండి. జానెడు మందాన పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టాలి. ఊరికే వస్తుంది కదా అని పొలంలోని నల్లమట్టితో మెరక చేయరాదు.

లోతు ఎక్కువైతే...

రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ మేలు. సాధారణంగా మూడున్నర మీటర్ల లోతు బోరు వేసి, అడుగున దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేసి, కమ్ములు దించి కాంక్రీటు పోస్తారు. వాటి తలలను కలుపుతూ ప్లింతు బీము వేస్తారు. ఈ బీము నేలకు ఆనకూడదు. కింద కనీసం 8 సెంటీమీటర్లు ఖాళీ ఉంటేనే మట్టి ఉబ్బినా బీమును తన్నదు. ఆ సందులో మట్టి కుక్కేయకుండా దగ్గరుండి చూసుకోండి. గచ్చును కూడా బీముల మీద స్లాబుగా వేస్తే నేలతో పేచీ ఉండదు. అంత ఖర్చు భరించలేకపోతే ఇసుక మెరక మీద వేసుకోండి. పైల్స్ లోతు, కమ్ముల లెక్క మాత్రం ఇంజనీరు చేతే వేయించాలి.

తీరంలో వేరే జాగ్రత్త

బందరు, దివిసీమ తీరంలోని ఇసుక నేలల్లో ఈ ఉబ్బు ఉండదు. అక్కడ భయం నీటితోనే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మరవకండి. అరుగు ఎత్తుగా కట్టుకోండి. కాంక్రీటులో ఉప్పునీరు, సముద్రపు ఇసుక వాడరాదు. లోపలి కమ్ములు తుప్పు పట్టి కాంక్రీటు పగులుతుంది.

గోడలకు రంగు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు. గచ్చు కింద చేయాల్సింది ఇల్లు లేచాక చేయలేం. డబ్బు చాలకపోతే ఒక గది తగ్గించుకోండి, పునాది తగ్గించకండి.