చిన్న కాలేజీ చౌకా, ఖరీదా?

గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ధర్మపురి కాదిది. బెంగళూరు నుంచి సేలం వెళ్లే దారిలో, హొగెనకల్ జలపాతానికి మలుపు తిరిగే తమిళనాడు ధర్మపురి. 2011 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువున్న జిల్లా ఇదే: 68.54 శాతం. మే నెలలో ప్లస్ టూ ఫలితాలు వస్తే ఇక్కడా ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి మీద మొహాలన్నీ మెడిసిన్‌కో ఇంజినీరింగ్‌కో పోయేవే. చరిత్ర, గణితం, ఆర్థికశాస్త్రం కలిపి చదువుతానన్న పిల్లకు ఫ్లెక్సీ లేదు. ఇంట్లో మాత్రం ప్రశ్న ఉంటుంది: ‘‘ఆర్ట్స్ చదివి ఏం చేస్తావే?’’

ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పబోవడం లేదు. చదవాలని తేల్చుకున్న పిల్ల ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, దేన్ని దేనితో పోల్చుకోవాలి అన్నదే మన లెక్క.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అనగానే అమెరికా గుర్తొస్తుంది. నిజానికి ఆ తరహా చదువు మన పొరుగుకు ఎప్పుడో వచ్చింది. అమెరికన్ మదురా మిషన్ 1881లో పసుమలైలో మొదలుపెట్టిందే నేటి మదురై అమెరికన్ కాలేజీ. మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో కాలేజీ పెట్టించారు. ప్రిన్సిపాల్‌గా ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ వచ్చారు. 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి మార్చింది అక్కడే. మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఒక చిన్న ఊరి కాలేజీలో గురువులూ పిల్లలూ అతిథీ ఒకచోట కూర్చుని పాడుకోగలిగారంటే, అది ర్యాంకులకు అందే సంగతి కాదు.

ఇప్పటి సంగతి చూద్దాం. ధర్మపురి నుంచి హోసూరు, అత్తిబెలె దాటి సర్జాపుర వైపు తిరిగితే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ. ప్రవేశ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ. ఆంధ్ర సరిహద్దులోని శ్రీసిటీలో 2018లో పుట్టిన క్రియా యూనివర్సిటీ ఉంది. ఉత్తరాన సోనీపత్‌లో అశోకా ఉంది. పేరుకు యూనివర్సిటీలే అయినా డిగ్రీ చదువు మాత్రం లిబరల్ ఆర్ట్స్ తీరులోనే సాగుతుంది: హాస్టల్లోనే ఉండాలి, మొదటి ఏడాది నాలుగు దిక్కులా చదవాలి, అశోకా, క్రియాల్లో మెయిన్ సబ్జెక్టు తర్వాత తేల్చుకోవచ్చు.

ఇక అమెరికా. ఆంహర్స్ట్ కాలేజీ 1821 నాటిది. నేటికీ విద్యార్థులు రెండు వేలకు లోపే. మొదటి ఏడాది సెమినార్ తప్ప, అందరికీ ఫలానా కోర్సులు తప్పనిసరి అన్న నియమం లేదు. ఖర్చు మాత్రం హాస్టల్, తిండితో కలిపి ఏటా 90 వేల డాలర్ల చుట్టుపక్కల. మన లెక్కలో 75 లక్షల పైమాటే. ఈ అంకె చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకండి. అది ఆడి మాసపు తగ్గింపుకు ముందు చీర మీద అంటించిన రేటు చీటీ లాంటిది. ఆంహర్స్ట్, బౌడిన్ కాలేజీలు విదేశీ పిల్లల విషయంలోనూ సాయం అడిగారా లేదా అని చూడకుండా సీటు తేలుస్తాయి. సీటిచ్చాక ఇంటివాళ్లు ఎంత కట్టలేరో అంతా తామే భరిస్తాయి. కెంటకీలోని బెరియా కాలేజీ ట్యూషన్ ఫీజే తీసుకోదు. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పనిచేయాలి. 2022లో బిహార్‌లోని ఫుల్వారీ షరీఫ్‌కు చెందిన ఒక దళిత కూలీ కొడుక్కి పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చింది. వార్త దేశమంతా పాకింది.

అయితే ఇలాంటి సీట్లు బహు కొద్ది. మిగతా కాలేజీల్లో ఎక్కువ భాగం విదేశీ విద్యార్థి సాయం అడిగాడంటే దాన్నీ తూకంలో వేస్తాయి. ‘డబ్బు తర్వాత చూసుకుందాం, ముందు సీటు రానీ’ అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే మాట ఇక్కడ కొంప ముంచుతుంది. దరఖాస్తులో సాయం అడగని విదేశీ పిల్లలకు తర్వాత అడిగే వీలు చాలాచోట్ల లేదు. ‘ఎర్లీ డెసిషన్’ కింద పెడితే సీటొచ్చాక చేరి తీరాలి. ఒక్క కాలేజీకే పెట్టాలి. పది ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిన ఇంటికి అది పనికొచ్చే దారి కాదని నా ఉద్దేశం.

చిన్న కాలేజీకి ఇంకో ప్రమాదముంది. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 1868 నాటిది. 2024 ఏప్రిల్ చివర్లో ‘ఈ సెమిస్టర్‌తో సరి’ అని ప్రకటించి మూసేసింది. అదే ఏడాది మే 31న అలబామాలోని బర్మింగ్‌హామ్-సదరన్ కాలేజీ కూడా. వీసా మీద వెళ్లిన పిల్ల మధ్యలో ఇంకో కాలేజీ వెతుక్కోవాలంటే మాటలు కాదు. అందుకే కాలేజీ వెనక నిధి ఎంత, చేరేవాళ్లు ఏటా పెరుగుతున్నారా తగ్గుతున్నారా అన్నది అడగాలి. బ్రోచర్‌లోని చెట్ల ఫొటోలు ఆ సంగతి చెప్పవు.

ఇక దరఖాస్తు సంగతి. అమెరికాలో చాలా కాలేజీలు వాడే కామన్ యాప్‌లో 650 పదాలకు మించకుండా తన గురించి తాను రాసుకోవాలి. ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు కావాలి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, దరఖాస్తులో ఇంగ్లిష్: ధర్మపురి తెలుగు పిల్లకు ఇదో మూడంచెల పని. ఇంకెవరో రాసిపెట్టిన వ్యాసం అడ్మిషన్ ఆఫీసు కళ్లకు ఇట్టే దొరుకుతుంది. ఇంగ్లిష్ కాస్త తడబడినా సొంత మాటే మేలు. సిఫారసు లేఖ ఎన్నడూ రాయని సార్‌ను ఆగస్టులోనే అడగాలి. పిల్ల ఏం చదివింది, ఏ ప్రశ్న వేసింది, ఎక్కడ తడబడి లేచింది అన్నవి కాగితం మీద పెట్టి ఇవ్వాలి.

మరి ఊళ్లోని ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ? జాబితా నుంచి దాన్ని మొదటే కొట్టేయడం తప్పు. జిల్లాలో హరూరు, పెన్నాగరం, పాప్పిరెడ్డిపట్టిల్లోనూ ప్రభుత్వ కాలేజీలున్నాయి. కారిమంగళంలో ఆడపిల్లలకు వేరుగా ఉంది. డిగ్రీ సేలంలోని పెరియార్ యూనివర్సిటీది. ప్రవేశ పరీక్ష లేదు, వ్యాసం లేదు, ప్లస్ టూ మార్కులే. ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన ఆడపిల్లకు 2022 నుంచి ‘పుదుమై పెణ్’ కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. 2024 నుంచి మగపిల్లలకు అలాగే ‘తమిళ్ పుదల్వన్’ ఉంది. లోటు ఎక్కడంటే, ఇలాంటి కాలేజీల్లో తరగతులు కిక్కిరిసి ఉంటాయి, తాత్కాలిక గౌరవ అధ్యాపకుల మీదే చాలా బరువు పడుతుంది. చదివింది చర్చించే చోటు తక్కువ.

కాబట్టి ఏ కాలేజీనైనా అడగాల్సినవి అవే: మొదటి ఏడాది పాఠం చెప్పేది ఎవరు, తరగతిలో ఎంతమంది, ఇష్టం మారితే సబ్జెక్టు మార్చుకోవచ్చా, చదువు పూర్తయ్యేసరికి మేం కట్టాల్సింది మొత్తం ఎంత. చివరిదానికి జవాబు కాగితం మీద కావాలి. రెండో ఏడాది స్కాలర్‌షిప్ ఏ మార్కుల షరతు మీద కొనసాగుతుందో కూడా అందులో ఉండాలి. పూర్తి సాయం రాసిచ్చిన కాలేజీ ఉంటే పిల్లను ధైర్యంగా పంపండి, ఎంత దూరమైనా సరే. పొలం తాకట్టు పెట్టి సగం సాయం మీద మాత్రం పంపకండి. దానికంటే ఊరి ప్రభుత్వ కాలేజీయే నయం.

తమిళనాడు ప్రభుత్వ కాలేజీలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 50 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు రెండే రూపాయలు. విదేశీ కాలేజీల జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ దరఖాస్తు గడువు దాటనివ్వకండి.