పాత సర్వరునకు తగిన పంకా



ఆదాయ ధ్రువపత్రమునకో, భూమి పత్రముల నకలునకో కార్యాలయమునకు పోయినవారు "నేడు సర్వరు లేదు, రేపు రండు" అను మాట నెప్పుడో యొకప్పుడు వినియే యుందురు. 2011వ సంవత్సరమున మీ సేవ ప్రారంభమైన పిమ్మట ఈ మాట మన పల్లెలకు క్రొత్త గాదు. 2020లో ధరణియు, 2025లో భూభారతియు వచ్చి భూముల లెక్కలన్నియు కంప్యూటరులలోనికి చేరినవి. కావున సర్వరనగా నేమో, అది యేల ఆగునో, ఆగినపుడు దానిని బాగుచేయుట యెట్లో కొంచెము తెలిసికొనుట మనకును అవసరమే.

పూర్వము పట్వారి దఫ్తరము నొక్కచోట నుంచుకొని, అడిగినవారి కెల్ల పహాణీ నకలు వ్రాసి యిచ్చెడివాడు. సర్వరు చేయు పనియు నిదియే. అది లెక్కలను తనయందు దాచుకొని, తక్కిన కంప్యూటరు లడిగినపుడు అందించు కంప్యూటరు. ప్రభుత్వమువారి పెద్ద సర్వరులు నగరములలో చల్లని గదులయందు నిపుణుల పర్యవేక్షణమున నుండును. వానిని గూర్చి మనము చింతింప బనిలేదు. కాని చిన్న చిన్న సర్వరులు ఆసుపత్రులందు, కళాశాలలందు, సహకార సంఘములందు, వస్త్ర కర్మాగారములందు గూడ నుండును. వానికి పదేండ్లు నిండిన పిమ్మట మొట్టమొదట చెడునవి తఱచుగా మిక్కిలి చిన్న భాగములు. అవియే లోపలి గాలిపంకాలు. నేటి ప్రసంగము ఆ పంకాలను గూర్చి.

మొదట వేడి సంగతి చెప్పెదను. యంత్రములోనికి విద్యుత్తుగా పోయిన శక్తి తుదకు వేడిగనే బయటికి రావలెను. సర్వరు 300 వాట్ల విద్యుత్తును గ్రహించినచో, 300 వాట్ల పొయ్యి ఆ పెట్టెలో రాత్రింబవళ్ళు మండుచున్నట్లే. ఆ వేడిలో పెద్దపాలు ప్రాసెసరను చిన్న పలకనుండి పుట్టును. దానిపై లోహపు రెక్కల దిమ్మ యొకటి బిగించి, పెట్టె ముందువైపునుండి గాలిని పీల్చి, ఆ రెక్కల నడుమగా పోనిచ్చి, వెనుకకు త్రోయుదురు. ఈ త్రోయు పని పంకాలది. లోనికి పోవు గాలి 10 మొదలు 35 డిగ్రీల లోపల నుండవలెనని సర్వరులు చేయువారు సాధారణముగా నియమింతురు. మన కరీంనగర, సిరిసిల్ల ప్రాంతములలో వైశాఖ జ్యేష్ఠములందు ఎండ 45 డిగ్రీల దాపునకు పోవును. కోనరావుపేట వంటి చోట చల్లని యంత్రము లేని గదిలో నున్న సర్వరునకు ఆ రెండు నెలలు అగ్నిపరీక్షయే.

సర్వరుల మందమును కొలుచుటకు 'యూ' అను మానము కలదు. ఒక యూ అనగా 44.45 మిల్లీమీటరులు, అనగా ఒకటిముప్పావు అంగుళము. అంత పలుచని పెట్టెలో 40 మిల్లీమీటరుల పంకా మాత్రమే యిముడును. రెండు యూల పెట్టెలో 60 లేక 80 మిల్లీమీటరులది పట్టును. పంకా చిన్నదైన కొలదియు చాలినంత గాలి త్రోయుటకు వేగము హెచ్చవలెను. మన యింటి కప్పున వ్రేలాడు పంకా నిమిషమునకు సుమారు 350 మారులు తిరుగును. ఈ 40 మిల్లీమీటరుల పంకా పది పదునైదు వేల మారులు తిరుగుట సామాన్యము. సర్వరు గదిలో తుమ్మెదల గుంపువలె మ్రోత వినబడుటకు కారణ మిదియే.

అంత వేగమున తిరుగుదానికి ఆయుర్దాయ ముండదా? ఉండును. మంచి పంకాకు 70,000 గంటల ఆయువని తయారుచేయువారు వ్రాయుదురు. దాని యర్థ మేమనగా, నియమించిన వేడిమియందు నూఱు పంకాలను నడపినచో అంతకాలములో పది చెడును, తొంబది నిలుచును. సంవత్సరమునకు 8,760 గంటలు. నిత్యము తిరుగు పంకాకు 70,000 గంటలనగా ఎనిమిదేండ్లు. వేడి హెచ్చిన కొలదియు బేరింగులోని కందెన ఎండి ఆయువు తగ్గును. సిరిసిల్ల మరమగ్గముల నడుమ నున్న కార్యాలయములలో నూలు ధూళి రెక్కలకును దిమ్మలకును పట్టి గాలిదారిని మూసివేయును. పదేండ్ల సర్వరున పంకా మూలిగిన ఆశ్చర్యపడ నవసరము లేదు.

పంకా చెడుటకు ముందు గుర్తులు కనబడును. గరగర శబ్దము వచ్చును. తక్కిన పంకాలు దాని లోటు తీర్చుటకు మునుపటికంటె బిగ్గరగా తిరుగును. ముందువైపున ఎఱ్ఱనిదో పసుపుదో దీపము వెలుగును. కొన్ని సర్వరులు పంకా తిరుగుట లేదని తెలిసిన వెంటనే తామై ఆగిపోవును. ఇది యంత్రముయొక్క మొండితనము కాదు, ఆత్మరక్షణము.

ఇట్టి సమయమున మనవారు చేయు చికిత్సలు మూడు కలవు. మూత తీసి యుంచుట మొదటిది. దీనివలన మేలుకంటె కీడే హెచ్చు. మూత యున్నపుడే గాలి కాలువలో నీరువలె దిమ్మలమీదుగా పోవును. మూత తీసిన కాలువ గట్టు తెగినట్లగును. ఎదుట బల్లపంకా పెట్టుట రెండవది. ఆ గాలి గదిలో తిరుగునే గాని యిఱుకైన రెక్కల నడుమ చొఱబడదు. కుట్టుమిషను నూనె చుక్క వేయుట మూడవది. గుండ్లు లేని సాదా బేరింగునకు దీనివలన కొన్ని దినముల ఉపశమనము కలుగవచ్చును. మూసియున్న గుండ్ల బేరింగునకు అదియు లేదు. నిజమైన మందు క్రొత్త పంకాయే.

అయితే ఎట్టి పంకా? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. తర్కశాస్త్రమున ఒక వస్తువునకు లక్షణము చెప్పునపుడు మూడు దోషములు తప్పించుకొనవలెనందురు. "కపిలవర్ణము గలది ఆవు" అన్నచో తెల్లని యావు విడిచిపోవును. ఇది అవ్యాప్తి. "కొమ్ములు గలది ఆవు" అన్నచో బఱ్ఱెయు లోనికి వచ్చును. ఇది అతివ్యాప్తి. "ఒంటిగిట్ట గలది ఆవు" అన్నచో ఏ యావును దొరకదు. ఇది అసంభవము. పంకా వెదకువారును ఈ మూడింటిలో ఒకదానియందు పడుచుందురు. సర్వరు కంపెనీవారి సంఖ్య గలది తప్ప మఱేదియు కొననని పట్టుపట్టుట అవ్యాప్తి. కంపెనీ ఆ నమూనాను ఏనాడో మానివేసి యుండును. అట్టివాడు దొరకలేదని సర్వరునే పాఱవేయును. చోటులో ఇమిడినది చాలునని ఏదో యొకటి తెచ్చుట అతివ్యాప్తి. అది తిరుగును గాని యంత్రము దానిని ఒప్పుకొనదు. గోడ విద్యుత్తుతో నడచు 230 వోల్టుల పంకాను తెచ్చుట అసంభవము.

సరియైన లక్షణము లివి.

మొదటిది కొలత. పొడవు వెడల్పులు మాత్రమే గాక మందమును చూడవలెను. 40 మిల్లీమీటరుల పంకాలలో 28 మిల్లీమీటరుల మందము గలవియు, రెండు పంకాలు వెనుకను ముందును కూర్చిన 56 మిల్లీమీటరులవియు కలవు. 60, 80 మిల్లీమీటరుల సర్వరు పంకాలకు 38 మందము సామాన్యము. ఇంటి కంప్యూటరునందు వాడు పంకా తఱచుగా 25 మందమే. అది ముఖమునకు సరిపోయినను బలమునకు సరిపోదు. గాలి ఏ దిక్కునకు పోవునో చట్రముమీద బాణపు గుర్తు చూచుకొనవలెను.

రెండవది విద్యుత్తు. పంకా నడిమి కాగితముపై వోల్టులు, ఆంపియరులు వ్రాసి యుండును. చాలవఱకు 12 వోల్టులు. వేఱు వోల్టులవియు లేకపోలేదు. ఆంపియరులు పాతదానికి దగ్గఱగా నుండవలెను. మిక్కిలి హెచ్చైనచో పలకలోని తీగలకు భారము. మిక్కిలి తగ్గినచో అది బలహీనమైన పంకా యని యనుమానింపవలెను.

మూడవది గాలి పరిమాణమును, ఒత్తిడియును. రైతు సోదరులకు ఇది చెప్పనక్కఱలేదు. ఊటబావిలో నీరు ధారాళముగా తోడు పంపును మూడువందల అడుగుల బోరులో దింపినచో నీరు పైకి రాదు. నీటి పరిమాణము వేఱు, ఎత్తునకు త్రోయు శక్తి వేఱు. పంకాలోను అంతే. ఇఱుకు దిమ్మల నడుమ గాలిని త్రోయుటకు ఒత్తిడి కావలెను. తయారుచేసినవారి పట్టికలో ఈ రెండంకెలను పాతదానితో పోల్చవలెను.

నాలుగవది తీగలు. సర్వరు పంకాకు సామాన్యముగా నాలుగు తీగ లుండును. రెండు విద్యుత్తునకు, ఒకటి వేగమును ఆజ్ఞాపించుటకు, ఒకటి వేగమును నివేదించుటకు. నివేదించు తీగ సాధారణముగా ఒక్కొక్క చుట్టునకు రెండు సంకేతముల నిచ్చును. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నచో సెకనునకు 200 సంకేతములు పోవును. సర్వరు వానిని లెక్కించి, తాను కోరిన వేగమునకు సరిపోవుచున్నదా యని నిరంతరము విచారించును. నెమ్మదిగా, శబ్దము లేక తిరుగు మంచి పంకాను పెట్టినను, లెక్క తగ్గెను గనుక "పంకా చెడినది" యని యంత్రము కేకవేయును. కొన్ని పంకాలలో మూడవ తీగ వేగమును చెప్పదు, ఆగినదా తిరుగుచున్నదా యను మాట మాత్రమే చెప్పును. అట్టిదియు పనికిరాదు.

ఐదవది తీగల కొసనున్న ప్లగ్గు. తీగల క్రమము కంపెనీ కంపెనీకి మాఱును; రంగులనుబట్టి నమ్మరాదు. తప్పు క్రమమున పెట్టినచో పంకాయో పలకయో కాలును. పంకా యొకటే, ప్లగ్గు మాత్రము వేఱైనపుడు, పాత ప్లగ్గును కొంత తీగతో కత్తిరించి, ఏ పని తీగను ఆ పని తీగకు టంకము పెట్టి అతికి, పైన తొడుగు వేయించుట నేర్పరి చేయదగిన పని.

ఇక వెదకు మార్గము. సర్వరు కంపెనీలు పంకాలను తామై చేయుట అరుదు. తైవానులో 1971లో స్థాపింపబడిన డెల్టా, జపానులో 1927నాటి సాన్యో డెంకీ, 1973నాటి నిడెక్ వంటి సంస్థలు చేసి యిచ్చును. కావున ఒక్క పంకాపై రెండు సంఖ్య లుండవచ్చును. పట్టుకొను చట్రముపై సర్వరు కంపెనీ సంఖ్య, పంకా నడిమి కాగితముపై చేసినవారి సంఖ్య. రెండింటిని, చివరనున్న గీతయు దాని తరువాతి యక్షరములతో సహా వ్రాసికొనవలెను. ఆ చివరి యక్షరములే తఱచుగా ప్లగ్గును, తీగ పొడవును తెలుపును. మొదటి సంఖ్యతో దొరకనిది రెండవ సంఖ్యతో దొరకుట కలదు.

పాత పంకాను చేతబట్టుకొని పోవుట అన్నిటికంటె మేలు. మన ప్రాంతపు బస్సులు దిగు జూబిలీ బస్ స్టేషనునకు అంత దూరము గాని పార్క్‌లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు అంగళ్ళకు ప్రసిద్ధము. విడి విద్యుత్ పరికరములకు కోఠిలోని గుజరాతీ గల్లీ కలదు. పాత సర్వరులను విప్పి భాగములమ్ము వర్తకులవద్ద అదే నమూనా పంకాలు దొరకవచ్చును. అయితే పాత సర్వరునుండి తీసిన పంకా ఆయువును అంతకుముందే కొంత కర్చుపెట్టినది. దానిని చేత త్రిప్పి చూడవలెను. గరుకు లేక కదలిక యున్న విడువవలెను. ఒక పంకా చెడిన సర్వరులో తక్కినవియు దాని యీడువే గనుక, వీలైనచో అన్నిటికి సరిపడ కొనుట వివేకము.

బిగించుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. లెక్కలన్నిటికి ప్రతి తీసి వేఱొకచోట భద్రపఱచి, ఆ ప్రతి తెఱచుకొనుచున్నదో లేదో చూచుకొనవలెను. పంకా వందల రూపాయలదో వేల రూపాయలదో. సభ్యుల అప్పుల ఖాతా పోయినచో దానికి వెల లేదు. తరువాత రెండు విద్యుత్ తీగలున్నచో రెండింటిని ఊడదీయవలెను. ధూళి నూదునపుడు రెక్కలను పుల్లతో నిలిపియుంచవలెను. లేనిచో ఊదిన గాలికి అవి మితిమీఱి తిరిగి బేరింగు చెడును. పనిచేయుచుండగనే పంకా మార్చుటకు వీలుగా చేసిన సర్వరులు కలవు గాని, ఆ సంగతి రూఢిగా తెలియనివారు యంత్రము నాపియే మార్చవలెను. బిగించిన పిమ్మట ఒక దినమైనను వేడిమి అంకెలను, పంకా వేగములను పరిశీలింపవలెను.

ఇంత శ్రమ తగునా యని మీరు అడుగవచ్చును. పలకపై ఉబ్బిన భాగములున్నను, లోపలి వ్రాతపనికి కంపెనీ రక్షణ సవరణలు మానివేసినను, పంకా మార్చి చిరకాలము దానినే నమ్ముట మంచిది కాదు. అట్టిచోట క్రొత్త పంకా ఇచ్చునది గడువు మాత్రమే. 2022లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి తెచ్చుటకు కేంద్రప్రభుత్వము ఒక పథకము నామోదించినది. అట్టి మార్పులు జరుగు వేళ పాత ఖాతాలు క్రొత్తచోటికి చెక్కుచెదరక చేరువఱకు పాత యంత్రము బ్రదికి యుండుట అత్యవసరము. యంత్రము తక్కిన విషయములలో దృఢముగ నున్నచో, పంకా మార్చినంతనే మఱికొన్ని యేండ్లు సేవచేయును. సిరిసిల్లలో ఎవ్వరును నాడె విఱిగినదని మగ్గమును తూకమునకు వేయరు గదా. ఇక పారవేయక తప్పనిదైనపుడు చెత్తలో కలుపక, 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న నియమముల ప్రకారము నమోదు పొందిన పునశ్చక్రీకరణదారుల కప్పగింపవలెను.

మీలో సంఘముల అధ్యక్షులు, పాఠశాల కమిటీల పెద్దలు గలరు. సర్వరు క్రొత్తది కొనవలెనని కాగితము మీ ముందునకు వచ్చినపుడు, సంతకమునకు ముందు ఒక్కమాట అడుగుడు: "పాతదానిలో చెడినది ఏ భాగము? దాని కొలతయు, సంఖ్యయు వ్రాసికొంటిరా?" ఎండలు ముదురకముందే, మాఘమాసములోనే, పంకాల మ్రోత నొకమారు చెవియొగ్గి వినుమని మీ గుమాస్తాకు చెప్పుడు.