బండి కొంటే డబ్బులు మిగుల్తాయా?

“బండుంటే బస్సు ఖర్చు మిగులుద్ది” అంటారు మా దిండి కుర్రోళ్ళు. నేనేసిన లెక్క చూడండి.

చించినాడ వంతెన దాటి పాలకొల్లులో పని అనుకుందాం. రానూపోనూ 30 కిలోమీటర్లు వేసుకున్నా, 26 రోజులకి 780. లీటరుకి 50 వస్తే, 110 రేటున పెట్రోలు 1,716 రూపాయలు. లక్ష అప్పుకి మూడేళ్ళ వాయిదా 3,500 అనుకోండి. ఇన్సూరెన్సు, సర్వీసింగు 500. మొత్తం 5,716!

బస్సుకీ ఆటోకీ రోజుకి 80 అయినా నెలకి 2,080. అంటే వాయిదాలు తీరాక కూడా బండి ఖర్చే (2,216) ఎక్కువ. ఆడోళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు ఉచితం.

మరి బండి దండగా? కాదండి. అప్పు తీరాక ఇద్దరు పంచుకుంటే ఖర్చు సగమే. రాత్రి బస్సు దొరకని పనైతే బండి కావాల్సిందే. అప్పుడు మీరు కొనేది టైము, పొదుపు కాదు.

మీ దారి, మీ ఛార్జీలు పెట్టి లెక్కేసుకున్నాకే షోరూముకెళ్ళండి.