రేడియో నియంత్రిత నమూనా యుద్ధనౌకలు

రేడియో నియంత్రిత నమూనా యుద్ధనౌక అనగా నిజమైన యుద్ధనౌకను ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, నీటిపై తేలి నడిచేటట్లు నిర్మించి, ఒడ్డున నిలబడి రేడియో తరంగాల సాయంతో నడిపే నమూనా. అద్దాల పెట్టెలో అలంకారానికి ఉంచే నమూనా ఓడలా కనిపిస్తే సరిపోతుంది. ఇది ఓడలా ప్రవర్తించాలి కూడా. అందువలన దీని నిర్మాణంలో వడ్రంగం, విద్యుత్తు, భౌతికశాస్త్రం మూడూ కలుస్తాయి. సాధారణంగా మీటరున్నర, అంతకు మించిన పొడవు గలవాటిని పెద్ద నమూనాలుగా పరిగణించవచ్చు.

చరిత్ర

నీటిపై నడిచే వాహనాన్ని రేడియో తరంగాలతో నియంత్రించవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవతో ప్రదర్శించి చూపాడు. అదే సంవత్సరం నవంబరులో దానికి పేటెంటు లభించింది. అంతకు పూర్వమే, 1872 ప్రాంతంలో, విలియం ఫ్రౌడ్ అనే ఆంగ్ల ఇంజనీరు టార్కే పట్టణంలో పొడవైన నీటితొట్టి కట్టించి, అందులో ఓడల నమూనాలను లాగి చూసి, పెద్ద ఓడల ప్రవర్తనను చిన్న నమూనాల నుండి ఎలా లెక్కగట్టాలో నిరూపించాడు. నేటికీ అభిరుచిగా ఓడలు చేసేవారు ఫ్రౌడ్ సూత్రం మీదనే ఆధారపడుతున్నారు.

ఇంగ్లండులోని స్కార్‌బరో పట్టణపు పీజ్‌హోమ్ పార్కు చెరువులో 1927 నుండి నమూనా నౌకల యుద్ధ ప్రదర్శనలు జరుగుతున్నాయి. అక్కడి ఓడలలో పెద్దవాటి లోపల మనిషి కూర్చుని నడుపుతాడు! అమెరికాలో 1970ల చివర టెక్సాస్‌లో నమూనా ఓడల పోరు క్రీడగా మొదలయింది. ఇందులో 1:144 నిష్పత్తి గల ఓడలు చిన్న ఉక్కు గుళ్ళతో ఒకదాని బల్సా చెక్క పక్కలను మరొకటి చిల్లులు పొడుస్తాయి.

తెలుగునాట ఈ విద్యకు సహజమైన నెలవు విశాఖపట్నం. 1969లో స్థాపితమైన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల పరీక్షా కాలువ ఉన్నది. అక్కడే 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల మరొక తటాకంలో కృత్రిమ అలలు పుట్టించి, వాటిలో నమూనాలు ఎలా ఊగుతాయో, ఎలా తిరుగుతాయో పరిశీలిస్తారు. విద్యార్థులకు అందుబాటులో ఉన్న మార్గం ఎన్.సి.సి. నౌకా విభాగం. దాని శిక్షణలో ఓడల నమూనా నిర్మాణం ఒక భాగం. అఖిల భారత నౌసైనిక్ శిబిరపు పోటీలలో కదలని నమూనాలు, తెరచాప నమూనాలు, మోటారుతో నడిచే నమూనాలు అన్న భేదాలు ఉన్నాయి. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు నిజమైన టేకు ఓడలే కట్టిన రేవు అన్న సంగతి ఇక్కడ స్మరించదగినది.

ఓడ ఎంపిక, లెక్కలు

మొదటిసారి చేసేవారు విమానవాహక నౌక జోలికి పోకుండా, సన్నగా పొడవుగా ఉండే ఫ్రిగేట్‌ను ఎంచుకొనుట మేలు. తెలుగువారికి ఐ.ఎన్.ఎస్. గోదావరి మంచి ఉదాహరణ. ఇది 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరి, 2015 డిసెంబరు 23న విరమణ పొందింది. 1988లో మాల్దీవులలో జరిగిన ఆపరేషన్ కాక్టస్‌లో పాల్గొన్నది. పొడవు 126.4 మీటర్లు, వెడల్పు 14.5 మీటర్లు, మునక లోతు సుమారు 4.5 మీటర్లు, పూర్తి బరువు సుమారు 3,850 టన్నులు, వేగం 27 నాట్లు.

దీనిని 1:72 నిష్పత్తిలో చేస్తే పొడవు 175.6 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ., మునక 6.25 సెం.మీ. వస్తాయి. బరువును మాత్రం 72 చేత భాగించరాదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గుతాయి గనుక 72ను మూడుసార్లు గుణించగా వచ్చిన 3,73,248 చేత భాగించాలి. అప్పుడు సుమారు 10.3 కిలోలు వస్తుంది. అదే ఓడను 1:48లో చేస్తే పొడవు ఒకటిన్నర రెట్లే పెరిగి 263 సెం.మీ. అవుతుంది కాని, బరువు 35 కిలోలకు చేరుతుంది. ఒక మనిషి చంకన పెట్టుకొని పోగల ఓడకు, నలుగురు మోయవలసిన ఓడకు ఉన్న తేడా ఇది. ఉత్సాహం కొద్దీ పెద్ద నిష్పత్తితో మొదలుపెట్టి, సగంలో విడిచిపెట్టినవారే ఎక్కువ. కోకాపేట వంటి చోట బహుళ అంతస్తుల భవనాలలో నివసించేవారు చెక్క కోయడానికి ముందే లిఫ్టు పొడవు, కారు లోపలి పొడవు కొలుచుకోవాలి.

ఈ బరువు ఉప్పునీటికి సంబంధించినది. సముద్రజలం మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం సాంద్రమైనది కాబట్టి, చెరువులో అదే గీత వరకు మునగాలంటే నమూనా 10 కిలోలు ఉంటే చాలు.

వేగం విషయంలో ఫ్రౌడ్ సూత్రం వర్తిస్తుంది. వేగాన్ని నిష్పత్తితో కాక, దాని వర్గమూలంతో భాగించాలి. 27 నాట్లు అనగా గంటకు 50 కిలోమీటర్లు. 72కు వర్గమూలం దాదాపు 8.5. కాబట్టి నమూనా గంటకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి చురుకైన నడకతో సమానంగా పోతే, అది లేపే అలలు నిజమైన ఓడ అలల వలె కనిపిస్తాయి. గాలి మాత్రం మనకోసం తగ్గదు. ఒడ్డున గంటకు 15 కిలోమీటర్ల పిల్లగాలి వీస్తే, ఈ నమూనాకు అది 127 కిలోమీటర్ల తుపానుతో సమానం.

నిర్మాణం

ముందుగా ఓడ అడ్డుకోతల పటం సంపాదించాలి. దాని ప్రకారం ప్లైవుడ్‌తో పక్కటెముకల వంటి చట్రాలు కోసి, కీల్ అనే అడుగు దూలం మీద నిలిపి, వాటిపై సన్నని చెక్క బద్దలు అతికించుట ఒక పద్ధతి. తరువాత ఫైబర్ గ్లాస్ బట్ట పరచి రెసిన్ పూసి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర పైకట్టడపు చిన్న వస్తువులకు బాగుంటుంది. అయితే ఎనామిల్ రంగు దట్టంగా వేయాలి.

రెసిన్ విషయంలో అజాగ్రత్త కూడదు. బజారులో పాలియెస్టర్ రెసిన్‌తోపాటు కోబాల్ట్ వేగకారి, పెరాక్సైడ్ హార్డెనర్ విడివిడి సీసాలలో ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా కలిపితే మంటలు లేచి పేలిపోవచ్చు. మొదట వేగకారిని రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే హార్డెనర్ చేర్చాలి. హార్డెనర్ చుక్క కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది గనుక కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ పని పెద్దల పర్యవేక్షణ లేకుండా విద్యార్థులు చేయరాదు.

గోదావరికి రెండు ప్రొపెల్లర్లు. నమూనాకు కూడా రెండు 12 వోల్టుల మోటార్లు అమర్చి, అవి ఎదురెదురు దిశలలో తిరిగేటట్లు చేస్తే ఓడ ఒక పక్కకు లాగదు. ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వచ్చే గొట్టంలో గ్రీజు నింపకపోతే నీరు చేరేది అక్కడినుండే. యు.పి.ఎస్.లలో వాడే 12 వోల్టుల సీసపు బ్యాటరీ రెండు కిలోలకు పైగా బరువుంటుంది. విమాన నమూనాకు అది దోషం, ఓడకు వరం. దానిని కీల్ మీద ఆనించి పెడితే అడుగు బరువుగా పనిచేస్తుంది. మోటారు, తీగలు, స్విచ్చుల వంటి సామగ్రి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వెదకవచ్చు.

రేడియో పరికరానికి నేడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ వాడుకలో ఉంది. నిర్ణీత శక్తి పరిమితికి లోబడి ఈ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకొనుటకు భారత ప్రభుత్వం 2005లో అనుమతించింది. సంకేతం తెగిపోతే మోటార్లు వాటంతట అవే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదే కొనాలి.

స్థిరత్వం

1628 ఆగస్టు 10న స్వీడన్ రాజు కట్టించిన వాసా అనే యుద్ధనౌక స్టాక్‌హోం రేవునుండి బయలుదేరి, సుమారు 1,300 మీటర్లు పోయి, గాలికి ఒరిగి మునిగిపోయింది. పైభాగం బరువెక్కడమే కారణం. నమూనాలు మునిగే కారణం కూడా తరచు ఇదే. రాడార్లు, తుపాకులు, మాస్ట్ ముచ్చటగా చేసేకొద్దీ బరువు పైకి పోతుంది. అందుచేత పైకట్టడం పలుచని ప్లాస్టిక్ రేకుతో చేసి, ఆదా అయిన బరువును అడుగున సీసంగా పెట్టాలి.

చెరువుకు తీసుకుపోకముందు ఇటుకల వరుస మధ్య టార్పాలిన్ పట్టా పరచి నీరు నింపి పరీక్షించాలి. ఓడను చేతితో ఒక పక్కకు వంచి వదిలితే చురుకుగా లేవాలి. తీరికగా, బద్ధకంగా లేస్తే అడుగు బరువు చాలలేదని అర్థం. లోపల అడ్డుగోడలు కట్టడం అవసరం. గోడలు లేని ఓడలో గ్లాసెడు నీరు చేరినా, అది ఒరిగిన వైపుకే పరుగెత్తి ఓడను మరింత ఒరగదోస్తుంది. ఖాళీ అరలలో థర్మోకోల్ ముక్కలు నింపితే నీరు చేరినా ఓడ అడుగుకు పోదు.

ఎక్కడ నడపాలి

కోకాపేటకు ఆనుకొని ఉన్న ఉస్మాన్‌సాగర్, అనగా గండిపేట చెరువు, 1908 మూసీ వరదల దరిమిలా నిర్మించబడి 1920లో పూర్తయింది. అది నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయం. గ్రీజు, బ్యాటరీ ఆమ్లం గల నమూనాలను అందులో దింపకూడదు. 2023 ఆగస్టులో ఎకరం నూరు కోట్ల రూపాయలకు పైగా వేలంలో పలికిన ఈ ప్రాంతంలో ఖాళీ చెరువుగట్టు దొరకటం కూడా కష్టమే. అనుమతి తీసుకొని ఈతకొలనులో, అదీ ఎవరూ ఈదని వేళ, నడపటం తొలి ప్రయత్నాలకు అనుకూలం.

నగర చెరువులలో గుర్రపుడెక్క పెద్ద శత్రువు. దాని వేరు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు కాలిపోతుంది, ఓడ నడినీటిలో నిలిచిపోతుంది. అటువంటప్పుడు దానికోసం ఎవరూ నీటిలోకి దిగరాదు. మట్టి తవ్విన గోతులు, ఊబి వంటి బురద పైకి కనిపించవు. ఈత వచ్చినవారు కూడా అక్కడే చిక్కుకుంటారు. సన్నని నైలాన్ తాడుకు బంతి కట్టి ఓడకు అవతల పడేటట్లు విసిరి మెల్లగా లాగటం, లేదా మరొక చిన్న నమూనా పడవను తోడుగా ఉంచుకొని దానితో నెట్టించుకు రావటం అనుభవజ్ఞులు పాటించే పద్ధతులు. రెండూ కుదరకపోతే గాలి దానిని ఒడ్డుకు చేర్చేవరకు వేచి ఉండాలి. దానికి ఒక పూట పట్టవచ్చు.